కరెంటు పోయినా సర్వర్‌లో పని ఆగకుండా

శ్రీకాకుళంలో కాస్త గట్టి ఈదురుగాలి వీచిందంటే కరెంటు పోతుంది, రౌటర్ ఆగుతుంది. ఎక్కడో డేటా సెంటర్‌లో ఉన్న ఉబుంటు సర్వర్‌కి కలిపిన ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లో కమాండ్లు ఇచ్చే కనెక్షన్) తెగి, నడుస్తున్న బ్యాకప్ సగంలో పోతుంది.

కనెక్షన్ తెగినా సర్వర్‌లో మన పనిని నడిపిస్తూ ఉంచే టీమక్స్ అనే ప్రోగ్రామ్ ఉంటే ఈ టెన్షన్ ఉండదు. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ టీమక్స్’ సర్వర్‌లో ఒక్కసారి చేసుకుంటే చాలు. ఇకపై పెద్ద పని మొదలుపెట్టే ముందే ‘టీమక్స్ న్యూ -ఎస్ పని’ అని కొట్టండి. ‘పని’ అన్నది ఈ సెషన్‌కి మనం పెట్టుకున్న పేరు, ఏదైనా పెట్టుకోవచ్చు. స్క్రీన్ అడుగున ఆకుపచ్చ పట్టీ, దాని ఎడమ చివర ఆ పేరు కనిపిస్తాయి. బ్యాకప్ కమాండ్ అక్కడే ఇవ్వండి.

కనెక్షన్ తెగినా సర్వర్‌లో పని నడుస్తూనే ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని, అదే యూజర్‌తో లాగిన్ అయి, ‘టీమక్స్ అటాచ్ -టీ పని’ అనండి. అవును, కాదు అని అడిగే ప్రశ్న ఏదైనా వచ్చి ఉంటే అది కూడా మీ జవాబు కోసం అలాగే ఆగి ఉంటుంది. కావాలనే బయటికి రావాలంటే కంట్రోల్, బీ కలిపి నొక్కి వదిలేసి, డీ నొక్కాలి.

సర్వరే రీబూట్ అయితే మాత్రం ఇది కాపాడదు. సెషన్ మొత్తం పోతుంది, పని మళ్లీ మొదలుపెట్టుకోవాల్సిందే.