రాతలతో వ్యాపారం, 3వ పాఠం: కస్టమర్ అడిగిన ప్రశ్నే మీ హెడ్డింగ్

పోయిన పాఠంలో సొంత డొమైన్, అంటే మన పేరుతో ఉండే సైట్ అడ్రస్, కొనుక్కుని దాని మీద బ్లాగ్ పెట్టుకోవడం దాకా వచ్చాం కదా. పెట్టుకున్నవాళ్లలో చాలామంది ఇప్పుడు ఎక్కడ ఆగిపోయి ఉంటారో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ సరిగ్గా అక్కడే ఆగిపోయా. కొత్త పోస్ట్ అని నొక్కుతాం, తెల్లటి పేజీ వస్తుంది, ఏం రాయాలో తోచదు, ఇక చేతికొచ్చేది ఒకటే, మన గురించి మనం రాసుకోవడం. "మా సంస్థ ప్రత్యేకతలు", "నాణ్యతే మా లక్ష్యం", "మమ్మల్నే ఎందుకు ఎంచుకోవాలి". నేను మొదట్లో రాసిన ఆరు పోస్టులూ ఇవే, చదివింది మా ఇంట్లోవాళ్లు, అదీ నేను లింక్ పంపి చదివారా చదివారా అని రెండుసార్లు అడిగితే.

ఈరోజు పాఠంలో ఒకే పని, ఆ ఖాళీ పేజీలోకి కస్టమర్ మాటని తీసుకురావడం.

సరుకు కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, మీ ఫోన్‌లోనే ఉంది. వాట్సాప్ తెరిచి గత రెండు మూడు నెలల్లో కస్టమర్లు పంపిన మెసేజీలు కిందనుంచి పైకి చదువుకుంటూ వెళ్లండి, ప్రశ్న గుర్తు ఉన్నదల్లా ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. ఫోన్లో అడిగేవి గుర్తుండవు కాబట్టి ఒక వారం పాటు కాల్ పెట్టేసిన వెంటనే రాసుకోవడం అలవాటు చేసుకోండి. ఇక్కడ ఒక్క రూల్, వాళ్లు ఏ మాట వాడారో అదే మాట రాయాలి, మీ భాషలోకి మార్చకూడదు.

ఇది ఎందుకంటే, ఉదాహరణకి మీరు వాటర్‌ప్రూఫింగ్ పని చేస్తారనుకుందాం. మీరైతే "సమగ్ర వాటర్‌ప్రూఫింగ్ పరిష్కారాలు" అని హెడ్డింగ్ పెడతారు. ఇంట్లో నీళ్లు పడుతుంటే బకెట్ పెట్టుకుని కూర్చున్న మనిషి ఆ మాట జన్మలో టైప్ చేయడు. "స్లాబు కారుతోంది ఏం చేయాలి" అంటాడు, ఇంకొకరు "కురుస్తోంది" అంటారు, "ఉరుస్తోంది" అనేవాళ్లూ ఉన్నారు. "పైన టైల్స్ వేస్తే లీకేజీ ఆగుతుందా?" అని అడుగుతారు. చూశారా, ఈ ఆఖరిది అలాగే తీసి హెడ్డింగ్‌గా పెట్టేయొచ్చు. ఒక మాటకి నాలుగు రూపాలుంటే హెడ్డింగ్‌లో ఎక్కువమంది అనేది పెట్టండి, మిగతావి వ్యాసంలో మామూలుగా మాట్లాడినట్టు ఒకసారి వచ్చేలా చూసుకోండి, చాలు. పేజీ వెనకాల కనపడకుండా కీవర్డ్స్ ట్యాగ్, అంటే జనం వెతికే మాటల జాబితా, నింపమని ఇంకా చెప్పేవాళ్లు ఉన్నారు, ఫలితాల్లో ఏ పేజీ పైన రావాలో తేల్చే ర్యాంకింగ్‌కి దాన్ని మేం చూడట్లేదు అని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

నోట్‌బుక్‌లో ఇరవై ప్రశ్నలు పోగయ్యాక ఏది ముందు రాయాలి? నా లెక్క ప్రకారం, మీరు జవాబు చెప్పడానికి ఇబ్బంది పడే ప్రశ్న. ఎంత అవుతుంది? ఈ పద్ధతిలో లోపాలేంటి? మీది మంచిదా వాళ్లది మంచిదా? నేనే సొంతంగా చేసుకోవచ్చా? ఇలాంటివి. అందరూ తప్పించుకునే ప్రశ్నలు కాబట్టే వీటికి సరైన జవాబు ఎక్కడా దొరకదు, దొరికిన చోట జనం ఆగుతారు.

దీనికి అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. అమెరికాలో వర్జీనియాలో మార్కస్ షెరిడాన్ అని ఒకాయన, భాగస్వాములతో కలిసి ఇళ్లల్లో ఈతకొలనులు కట్టే కంపెనీ నడిపేవాడు, రివర్ పూల్స్ దాని పేరు. 2008 ఆర్థిక మాంద్యంలో ఆర్డర్లు పడిపోయి కంపెనీ మూతపడే దాకా వచ్చింది. యాడ్స్‌కి డబ్బుల్లేవు. అప్పుడు కూర్చుని, ఇన్నేళ్లలో కస్టమర్లు తనని అడిగిన ప్రశ్నలన్నీ రాసుకుని ఒక్కోదానికి ఒక్కో ఆర్టికల్ రాయడం మొదలుపెట్టాడు. ఫైబర్‌గ్లాస్ పూల్‌కి ఎంతవుతుంది అనేది రాశాడు, ఫైబర్‌గ్లాస్ పూల్స్‌లో ఉండే సమస్యలు రాశాడు, తను అమ్మేది అవే అయినా సరే. ఆఖరికి తమ ఏరియాలో మంచి పూల్ బిల్డర్లు ఎవరో రాసి అందులో తన కంపెనీ పేరు వేసుకోలేదు. పోటీదారుల గురించి వెతికినవాళ్లు కూడా వచ్చి పడింది ఆయన సైట్‌లోనే. కంపెనీ నిలబడింది, ఆయన ఇప్పుడు ఊరూరా తిరిగి ఇదే పాఠం చెప్తున్నాడు.

సరే, ఖర్చు గురించి రాయమంటే అందరూ ఒకటే అంటారు, "పని చేసే చోటు చూడకుండా రేటు ఎలా చెప్తామండీ". రేటు చెప్పక్కర్లేదు. రేటు దేన్ని బట్టి పెరుగుతుంది, దేన్ని బట్టి తగ్గుతుంది, అతి తక్కువలో అయిపోయే పని ఎలా ఉంటుంది, ఖర్చు తడిసిమోపెడయ్యే పని ఎలా ఉంటుంది, కొటేషన్‌లో కలపకుండా తర్వాత అడిగేవి ఏంటి, ఇవి చెప్పండి. వీలైతే ఇంత నుంచి ఇంత దాకా అని రేంజ్ ఇవ్వండి. పోటీవాళ్లు చూసేస్తారనే భయం ఉంటుంది, వాళ్లకి మీ రేటు ఎప్పుడో తెలుసండీ బాబూ, తెలియనిది కస్టమర్‌కే. రేంజ్ చూసి పారిపోయేవాడు మీరు వెళ్లి కొలతలు తీసుకుని వచ్చాక కూడా పారిపోతాడు, మీకు పెట్రోల్ మిగిలింది అనుకోండి.

ఇప్పుడు రాయడం. హెడ్డింగ్‌లో ప్రశ్న ఉంటే మొదటి పేరాలోనే జవాబు ఉండాలి, "నేటి ఆధునిక యుగంలో" అని మొదలెట్టి పాఠకుడిని నాలుగు మెట్లు ఎక్కించకండి. టైల్స్ ప్రశ్నకి మొదటి పేరా ఇలా ఉండొచ్చు: "ఒక్క టైల్స్ వేస్తే ఆగదు. టైల్స్ మధ్య సందుల్లోంచి నీళ్లు కిందకి దిగుతూనే ఉంటాయి, టైల్స్ కింద వాటర్‌ప్రూఫ్ కోటింగ్ ఉండాలి, నీళ్లు నిలవకుండా వాలు సరిగ్గా ఉండాలి. ఈ రెండూ ఉంటే టైల్స్ ఆ కోటింగ్‌ని కాపాడతాయి." అంతే, తెలుసుకోవాల్సింది తెలిసిపోయింది. మరి మిగతాది ఎందుకు చదువుతారంటే, జవాబు దొరికిందన్న నమ్మకం కుదిరాకే మనిషి వివరాల్లోకి దిగుతాడు. అక్కడ మీరు చేసిన పనుల ఫోటోలు పెట్టండి, కొన్న ఫోటోలు కాదు, మీ ఫోన్‌లో తీసిన మసక ఫోటో అయినా ఫర్లేదు. పాత పనిలో ఏం తప్పు దొరికింది, దాన్ని ఎలా సరిచేశారు, ఇంకా ముఖ్యంగా ఎలాంటి కేసులో మీ సర్వీస్ అవసరమే లేదు అన్నది. "కిటికీ అంచు దగ్గర చిన్న పగులైతే మీరే పూడ్చుకోవచ్చు" అని రాసిన మనిషిని, స్లాబు మొత్తం తవ్వాలి అన్నప్పుడు కూడా నమ్ముతారు.

రాయడం రాదు అనేవాళ్లకి నేను చెప్పేది, రాయకండి, మాట్లాడండి. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ ఆన్ చేసి, ఎదురుగా ఆ కస్టమర్ కూర్చున్నాడనుకుని చెప్పేయండి, తెలుగులో కూడా బానే పడుతుంది, తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. మన మాటలో ఉండే ఊపు రాతలో కూర్చుని తెచ్చుకుందామంటే రాదు. ఇక ఎన్ని పదాలు ఉండాలి అనేది నాకు అందరికంటే ఎక్కువ వచ్చే ప్రశ్న. గూగుల్‌కి ఫలానా లెంగ్త్ అంటే ఇష్టం అనేది ఏమీ లేదు, ఆ మాట వాళ్లే చెప్పారు. జవాబు అయిపోతే ఆపేయండి.

ఆర్టికల్స్ బయట ఎక్కడ వేయాలి అన్నదానికి కొంచెం పాత సంగతి తెలియాలి. ఒకప్పుడు ఆర్టికల్ డైరెక్టరీలని, ఎవరైనా వ్యాసాలు వేసుకునే సైట్లు ఉండేవి, ఒకే వ్యాసాన్ని అటూఇటూ మార్చి యాభై చోట్ల పడేసి కింద మన సైట్ లింక్ పెట్టేవాళ్లు, అదే ఆర్టికల్ మార్కెటింగ్ అనుకునేవాళ్లు. 2011 ఫిబ్రవరిలో గూగుల్ పాండా అనే అప్‌డేట్ తెచ్చింది, అంటే పసలేని పేజీలని ఫలితాల్లో కిందకి నెట్టే మార్పు, అమెరికాలో నూటికి దాదాపు 12 సెర్చ్‌ల ఫలితాలు దాంతో మారాయి, ఆ డైరెక్టరీలు కుప్పకూలాయి. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే ఇంకో అప్‌డేట్ వచ్చి దొంగ లింకుల పని పట్టింది. 2024 మార్చిలో వచ్చిన గూగుల్ రూల్ ఇంకా సూటిగా ఉంది, ర్యాంకుల కోసం గుట్టలు గుట్టలుగా పనికిరాని పేజీలు తయారుచేస్తే అది స్పామే, మనిషి రాశాడా మెషీన్ రాసిందా అన్నది అనవసరం. నెలకి ముప్పై ఆర్టికల్స్ అని ప్యాకేజీ అమ్మేవాళ్ల దగ్గర నేను కూడా ఒకసారి కొన్నా, ముప్పైలో ఒక్కటి కూడా నా కస్టమర్ అడిగిన ప్రశ్న కాదు, అన్నీ తీసేయడానికి ఒక ఆదివారం పోయింది.

అందుకని ముందు మీ సైట్‌లో వేయండి. తర్వాత లింక్డిన్‌లోనో ఫేస్‌బుక్‌లోనో అందులోంచి ఒక్క ముక్క తీసి, ఆ ముక్క కూడా దానంతట అది అర్థమయ్యేలా వేసి లింక్ ఇవ్వండి. వేరేవాళ్ల సైట్‌కి రాసే అవకాశం వస్తే వాళ్లకి కొత్తది రాసివ్వండి, లింక్ కోసం కాదు, వాళ్ల పాఠకుల్లో మీ కస్టమర్లు ఉంటేనే.

ఇంకో సంగతి, గూగుల్‌లో కనపడటానికి నెలలు పట్టొచ్చు, అందాకా ఆర్టికల్ ఖాళీగా కూర్చోనక్కర్లేదు. రేపు ఎవరైనా అదే ప్రశ్న వాట్సాప్‌లో అడిగితే రెండు లైన్లు జవాబు రాసి ఆ లింక్ పెట్టండి. పని చేసే చోటు చూడటానికి వెళ్లే ముందు రోజు "ఇది ఒకసారి చదవండి, రేపు మాట్లాడుకుందాం" అని పంపండి. చదివిన కస్టమర్‌తో మాట్లాడితే సగం టైమ్ మిగులుతుంది, నాకైతే మొదటి ఏడాది ఆర్టికల్స్ వల్ల దొరికిన అసలు లాభం ఇదే. మూడు నెలలయ్యాక సెర్చ్ కన్సోల్‌లో, అంటే సైట్ ఓనర్లకి గూగుల్ ఇచ్చే టూల్‌లో, పెర్ఫార్మెన్స్ రిపోర్ట్ చూద్దాం, జనం ఏ మాటలు టైప్ చేసి మీ పేజీ దాకా వచ్చారో అందులో 16 నెలల డేటా దాకా ఉంటుంది. దాన్ని చదవడం నేర్చుకోవడమే నాలుగో పాఠం, కాబట్టి ఇప్పుడే మీ సైట్‌ని అందులో రిజిస్టర్ చేసేసుకోండి, చేసుకోకముందు సంగతులు పెద్దగా దొరకవు.

హోంవర్క్. వారంలో ఇరవై ప్రశ్నలు రాసుకోండి, అందులో చెప్పడానికి అన్నిటికంటే ఇబ్బందిగా ఉన్నది తీసి ఒక ఆర్టికల్ రాయండి. పబ్లిష్ చేసే ముందు మీ లైన్‌లో లేని ఒకరికి గట్టిగా చదివి వినిపించండి, ఎక్కడ మొహం చిట్లించారో అక్కడ ఏదో టెక్నికల్ మాట దూరి ఉంటుంది, అది మార్చండి. ఆఖర్న వ్యాసంలో మీ కంపెనీ పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టండి, రెండు దాటితే మిగతావి కొట్టేయండి.