చలికాలపు ట్రెక్‌కు అద్దె సామాను: చేతికి తీసుకునే ముందు చూడవలసినవి

కార్తిక మాసం దాటిందంటే లంబసింగి, వంజంగి దారుల్లో కార్లు బారులు తీరతాయి. డిసెంబరు సెలవులకూ సంక్రాంతి సెలవులకూ హైదరాబాదు, విశాఖపట్నాల నుంచి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకు మంచు చూడడానికి బయలుదేరేవారూ ఇప్పుడు తక్కువేమీ కాదు. వీరిలో చాలామంది ఏడాదికి ఒక్కసారే కొండెక్కుతారు కాబట్టి టెంటు, స్లీపింగ్ బ్యాగు, మంచు జాకెట్టు కొని పదకొండు నెలలు అటక మీద పడేయడం కన్నా అద్దెకు తెచ్చుకోవడమో, నలుగురు కలిసి ఒక సెట్టు కొని వంతులవారీగా వాడుకోవడమో మంచి పద్ధతి. ఇందులో చిక్కు ఒక్కటే ఉంది. సొంత వస్తువు ఎన్నిసార్లు తడిసిందో, ఎక్కడ చిరిగిందో మనకు తెలుసు. అద్దె వస్తువు పోయిన వారం ఎవరి చేతిలో ఏమైందో ఎవరూ చెప్పరు. దాన్ని విప్పి, తడిమి, వాసన చూసి మనమే తెలుసుకోవాలి. ఆ పనికి అన్నిటికన్నా ఎక్కువగా అడ్డు వచ్చేది మన మొహమాటం.

నా సంగతే చెబుతాను. కొన్నేళ్ల కిందట లంబసింగికి వెళ్తూ దారిలో ఒక దుకాణంలో టెంటు అద్దెకు తీసుకున్నాం. "అన్నా, ఒకసారి ఇక్కడే వేసి చూద్దామా?" అని అడగబోతే, "అన్నీ పొద్దున్నే చూశాం సార్, మీరేం కంగారు పడకండి" అన్నాడతను. వెనక పదిమంది నిలబడి ఉన్నారు, ఇంకేం మాట్లాడతాం? రాత్రి పది గంటలకు కారు లైట్ల వెలుగులో విప్పితే ఒక పోల్ అతుకు దగ్గర చీలి ఉంది. పైన కప్పే గుడ్డ ఇంకో టెంటుది, ఒక పక్క జానెడు పొట్టిగా ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి మంచు నీరు పక్క మీద బొట్లు బొట్లుగా పడుతుంటే లేచి కూర్చున్నాం. వంద అడుగుల దూరంలో టీ కొట్టు ఉంది కాబట్టి అది మాకు నవ్వుకునే కథగా మిగిలింది. 12,500 అడుగుల కేదార్‌కంఠ కింద మంచులో వేసిన శిబిరం దగ్గర టీ కొట్టు ఉంటుందని అనుకోవద్దు.

అందువల్ల టెంటును దుకాణంలోనే, కుదరకపోతే బయలుదేరే ముందురోజు మేడ మీదైనా పూర్తిగా నిలబెట్టి చూడాలి. కట్టు విప్పగానే ముందు వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే దాన్ని తడిగానే చుట్టి కట్టేశారని అర్థం. పుల్లటి, కడుపులో తిప్పే వాసన వచ్చి, పై గుడ్డ లోపలి వైపు వేలితో రాస్తే బెల్లం పాకంలాగా అంటుకుంటోందంటే నీటిని ఆపే పాలియురెథేన్ పూత చెడిపోయిందన్నమాట. అలాంటి టెంటును ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోవద్దు. అనుమానం తీరకపోతే ఆ గుడ్డ మీద ఒక చెంబు నీళ్లు పోసి కింది నుంచి అరచేత్తో రుద్దండి, చెయ్యి తడిస్తే వాన కూడా లోపలికి వస్తుంది. కుట్ల వెంట అతికించిన టేపు పొరలు పొరలుగా లేస్తోందా, జిప్పులు రెండు చివరలకూ ఆగకుండా నడుస్తున్నాయా, పోల్ ముక్కల లోపలి ఎలాస్టిక్ తాడు బిగువుగా ఉందా వదులై వేలాడుతోందా, మేకులు ఎన్ని ఉన్నాయి అన్నవి ఆ తర్వాత చూడాలి. ముగ్గురి టెంటు అని రాసి ఉంటే ముగ్గురు భుజాలు ఆనించుకుని పడుకోవడానికి సరిపోతుందని అర్థం, సంచులకు అందులో చోటు ఉండదు. ఇంకొక మాట: రాత్రి మన ఊపిరిలోని తేమ లోపలి గోడలకు పట్టి కారడం వేరు, గుడ్డ ఉరవడం వేరు, గాలి కిటికీలు తెరిచి పడుకుంటే మొదటిది చాలావరకు తగ్గుతుంది.

స్లీపింగ్ బ్యాగు విషయంలో జరిగే పొరపాటు ఇంతకన్నా పెద్దది. దుకాణంలో "ఇది మైనస్ పదిది" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. లోపల కుట్టిన చీటీని వెతికి పట్టుకోండి. ఐఎస్‌ఓ 23537 అనే అంతర్జాతీయ ప్రమాణం, దానికి ముందున్న ఈఎన్ 13537 అనే ఐరోపా ప్రమాణం ప్రకారం పరీక్షించిన బ్యాగు మీద కంఫర్ట్, లిమిట్, ఎక్‌స్ట్రీమ్ అని మూడు అంకెలు ఉంటాయి. కంఫర్ట్ అంటే సగటు స్త్రీ ఒళ్లు వదులుగా పెట్టుకుని హాయిగా నిద్రపోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని పడుకుంటే చలికి లేవకుండా గడపగల ఉష్ణోగ్రత. ఎక్‌స్ట్రీమ్ అంటే నిద్రతో సంబంధం లేదు, ప్రాణం నిలవడానికి సంబంధించిన అంకె. అమ్మకానికి పనికొచ్చేది పెద్ద అంకె కాబట్టి నోటితో చెప్పేటప్పుడు మూడోదే చెబుతుంటారు. మీరు మొదటిది అడగండి. పైగా ఈ అంకెలు కొత్త బ్యాగును, కింద పరుపు వేసి, బొమ్మ మనిషికి పలుచని లోదుస్తులు తొడిగి కొలిచినవి. యాభై మంది పడుకున్న, మూటలో ఏళ్ల తరబడి నలిగిన బ్యాగు అంత వెచ్చగా ఉండదు. వెళ్లే చోటి చలికి కనీసం ఐదు డిగ్రీల తేడా ఉంచుకుని ఎంచుకోవడం నాకు అలవాటు. చీటీ చిరిగిపోయి ఉంటే బ్యాగును పరిచి అరగంట వదిలేసి చూడండి; అప్పడంలాగా పొంగకుండా అట్టలా పడి ఉంటే అది దుప్పటితో సమానం. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఈకలు లేక ఖాళీ అయిన గదులు కూడా కనిపిస్తాయి. ఈకల బ్యాగు తడిస్తే ఉండలు కట్టి వెచ్చదనం పోగొట్టుకుంటుంది, సింథటిక్ బ్యాగు బరువెక్కువైనా తడిని కొంత ఓర్చుకుంటుంది. అద్దెకు తీసుకునేవారికి రెండోదే నయం.

ఇక ఎవరూ పైకి అడగని సంగతి, శుభ్రత. గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలాక మామూలుగా రెండు మూడు రోజులకు మించి బతకదు, నల్లి మాత్రం తిండి లేకుండా నెలల తరబడి బతుకుతుంది. రద్దీ రోజుల్లో పొద్దున ఒకరు వాపసు ఇచ్చిన బ్యాగు సాయంత్రానికి ఇంకొకరి ఒంటి మీద ఉంటుంది కాబట్టి మూడు రోజుల విరామం అన్న మాటే ఉండదు. కుట్ల సందుల్లో మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలు ఉన్నాయేమో చూడండి. అన్నిటికీ మించి, లోపల వేసుకునే లైనరు సొంతది తీసుకెళ్లండి. అది కొననే అక్కర్లేదు: పాత మెత్తటి చీరను రెండు మడతలు వేసి, ఒక అడ్డ పక్కా ఒక నిలువు పక్కా కుట్టేస్తే సంచి తయారవుతుంది. తిరిగి వచ్చాక వేడినీళ్లలో ఉతికేయవచ్చు.

బూట్ల గురించి నా మాట కొంత కటువుగా ఉంటుంది: వీలైతే అద్దెకు తీసుకోవద్దు. వేరొకరి పాదానికి వంగిన అట్టలో మన పాదం ఇమడదు, రెండో రోజుకే మడమ మీద పొక్కులు లేస్తాయి. జాకెట్టు, ఊతకర్రలు, గేటర్లు (బూట్లలోకి మంచు పోకుండా పిక్కలకు చుట్టే తొడుగులు), మైక్రోస్పైక్స్ (బూట్ల కింద తొడిగే చిన్న ఇనుప ముళ్ల గొలుసులు) అద్దెకు తెచ్చుకుని, ఆ మిగిలిన డబ్బుతో బూట్లు ఒక నెల ముందే కొనుక్కుని రోజూ నడకకు వేసుకోవడం మేలు. తప్పదనుకుంటే, సాయంత్రం పూట పాదాలు కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు, కొండ మీద వేసుకోబోయే మందపాటి మేజోళ్లతోనే తొడిగి చూసుకోవాలి. మెట్ల మీద నుంచి దిగి చూడండి, దిగేటప్పుడు బొటనవేలు ముందుకు తగలకూడదు. అడుగు భాగం పక్కన గోటితో గట్టిగా నొక్కి, బూటును రెండు చేతులతో వంచండి. పాత బూట్లలో అడుగుకూ పై తోలుకూ మధ్య ఉండే పాలియురెథేన్ పొర తేమకు లోలోపల శిథిలమై, పైకి కొత్తగా కనిపిస్తూనే నడకలో హఠాత్తుగా రొట్టెముక్కలా రాలిపోతుంది. వాడకుండా అటక మీద దాచిన బూట్లకు కూడా ఈ తిప్పలు తప్పవు కాబట్టి స్నేహితుడు "ఒక్కసారే వేసుకున్నాను, తీసుకెళ్లరా" అన్నా సరే వంచి చూడవలసిందే. మైక్రోస్పైక్స్‌ను ఆ బూట్లకే తొడిగి రబ్బరు పగుళ్లు, గొలుసు కొక్కేలు చూసుకోండి. అవి తొక్కుడు పడిన మంచు బాట మీద జారకుండా ఉండడానికే తప్ప నిటారు మంచు గోడల మీదికి కాదు.

కొండరాళ్లు ఎక్కడానికి వాడే తాడు, హార్నెస్ (తాడుకు కట్టుకోవడానికి నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీలు), హెల్మెట్ వంటివి మాత్రం పై జాబితాలో కలపకండి. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్‌కు వెళ్తూ ఎవరి దగ్గరో ఉన్న తాడును అరువు అడగడం చూశాను. నైలాన్ తాడు కారు డిక్కీలో బ్యాటరీ ఆమ్లం తగిలినా బలం కోల్పోతుంది, కంటికి ఏమీ కనిపించకపోవచ్చు. ఒక్కసారి కూడా వాడకపోయినా పదేళ్లకు పక్కన పెట్టేయమని తయారీదారులే చెబుతారు. ప్రతి వాడకాన్నీ పుస్తకంలో రాసిపెట్టుకునే శిక్షణ సంస్థ ఆధ్వర్యంలో, వారి మనిషి పక్కన ఉండగా తప్ప వీటిని ముట్టుకోకూడదు.

టెంటుతోపాటు చలి కాచుకోవడానికి కుంపటి కూడా అద్దెకు ఇచ్చే చోట్లు ఉన్నాయి. దాన్ని బయట పెట్టుకుని చలి కాచుకోండి. పడుకునే ముందు నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పేయండి. ఎట్టి పరిస్థితిలోనూ టెంటు లోపలికి తేవద్దు. పొగ లేని ఎర్రటి బొగ్గులు కూడా కార్బన్ మోనాక్సైడ్‌ను వదులుతూనే ఉంటాయి, ఆ వాయువుకు రంగూ వాసనా లేవు. ముందు తలనొప్పి, తర్వాత మత్తు, ఆ మత్తులోనే ప్రాణం పోతుంది. గ్యాస్ స్టవ్వుకు కూడా ఇదే నియమం. అన్నట్టు, స్టవ్వుకు వేసే గ్యాస్ డబ్బాను విమానంలో చేతి సంచిలోనూ, చెక్-ఇన్ సామానులోనూ ఒప్పుకోరు, రైల్లోనూ తీసుకెళ్లకూడదు. కేదార్‌కంఠకు వెళ్లేవారు దాన్ని దారిలో డెహ్రాడూన్ చేరాకే చూసుకోవాలి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి.

డబ్బు దగ్గర రెండు మూడు మాటలు చాలు. వస్తువును విప్పుతున్నప్పుడు దుకాణదారు ఎదుటే వీడియో తీసి, అప్పటికే ఉన్న చిరుగులను రసీదు మీద రాయించుకోండి. డిపాజిట్ కింద అసలు ఆధార్ కార్డును వదిలి వెళ్లవద్దు, చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ప్రతి ఇస్తే చాలు. కేదార్‌కంఠకు నడక మొదలయ్యే సాంక్రీ ఊళ్లో అద్దెకు తీసుకుంటే, తిరిగి దిగిన సాయంత్రమే అప్పగించే ఏర్పాటు చేసుకోవాలి, ఎందుకంటే డెహ్రాడూన్ బండ్లు సాధారణంగా పొద్దున్నే బయలుదేరతాయి. మంచుకు దారి మూసుకుపోయి ఒక రోజు ఆలస్యమైతే ఆ రోజు అద్దె ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి.

స్నేహితులు కలిసి కొనుక్కున్న సెట్టుకు రసీదు ఉండదు, అందుకే తగవులు ఎక్కువ. మా నలుగురి టెంటు మూడో ఏటికి ఒకరి తమ్ముడికీ, ఆ తమ్ముడి బావమరిదికీ వెళ్లి, నాలుగు మేకులు తక్కువై తిరిగి వచ్చింది. ఎవరిని అడుగుతాం? అప్పటినుంచి సంచిలోనే ఒక చిన్న నోటుపుస్తకం పెట్టాం: ఎవరు తీసుకెళ్లారు, తడిసిందా, ఏం విరిగింది అన్నవి తీసుకెళ్లినవారే రాయాలి, మిగతా ముగ్గురికీ చెప్పకుండా బయటివారికి ఇవ్వకూడదు, మరమ్మతులకు తలా ఇంత అని ముందే జమ చేయాలి. తెచ్చినవారు టెంటును మేడ మీద నీడలో పూర్తిగా ఆరబెట్టాకే మడవాలి, గంటల తరబడి ఎండలో వదిలేస్తే నైలాన్ బలహీనపడుతుంది. స్లీపింగ్ బ్యాగును దాని చిన్న సంచిలో కుక్కి దాచకుండా పెద్ద గలీబులో వదులుగా వేసి ఉంచాలి.

దుకాణానికి తిరిగి ఇచ్చేటప్పుడు కూడా మేకులు లెక్కపెట్టి, పాడైనదేదో మనమే చెప్పాలి. డిపాజిట్‌లో కొంత పోతుందనిపించినా దాచకండి. పోయినసారి నేను ఒక చీటీ రాసి టెంటు తలుపుకు పిన్నుతో గుచ్చి ఇచ్చాను: "ఎడమ జిప్పు సగంలో పట్టేస్తుంది, కొవ్వొత్తి మైనం రాయండి."