కుట్టే సీ అనిమోన్‌లకు పేరు పెట్టడం: శ్రీకాకుళం, విజయనగరం తీరాలలో పని మొదలుపెట్టేవారికి

సీ అనిమోన్‌లు రాతికో, గుల్లకో అంటుకుని లేదా బురదలో పాతుకుని, నోటి చుట్టూ స్పర్శకాలను (తీగల వంటి మెత్తని వేళ్లను) పరిచే సముద్రజీవులు. వర్గీకరణలో "కుట్టే అనిమోన్‌లు" అనే విభాగం ఏదీ లేదని ముందుగా గ్రహించాలి. నిడేరియా వర్గంలో ఆంథోజోవా విభాగానికి, అందులో ఆక్టినియేరియా క్రమానికి చెందిన వెయ్యికి పైబడిన జాతులన్నింటికీ దంశకణాలు, అంటే తాకితే పేలి ముల్లులాంటి దారాన్ని విసిరే కణాలు, ఉంటాయి. అయితే వాటిలో ఎక్కువ వాటి ముళ్లు అరచేతి మందపాటి చర్మాన్ని దాటలేవు. వేలికి కాస్త జిగురు తగిలినట్లు మాత్రమే ఉంటుంది. మనిషిని నిజంగా బాధించే ఉష్ణమండల జాతులు వేర్వేరు కుటుంబాలలో చెదరి ఉన్నాయి. జపాన్‌లోని ఒకినావా ప్రాంతంలో మనుషుల మూత్రపిండాలను దెబ్బతీసిన ఫిల్లోడిస్కస్ సెమోని అలీసియిడే కుటుంబానిది. కొమ్మలు వేసిన స్పర్శకాలతో మెత్తని పగడంలా కనిపించి మోసగించే ఆక్టినోడెండ్రాన్ వేరే కుటుంబానిది. తివాచీలా పరుచుకునే స్టికోడాక్టైలాది మరొక కుటుంబం. కాబట్టి నొప్పిని బట్టి పేరు పెట్టలేము. రంగును బట్టి అసలే పెట్టలేము, ఎందుకంటే ఒకే జాతిలో పచ్చనివి, గోధుమ రంగువి, ఊదా రంగువి పక్కపక్కనే కనిపిస్తాయి. ఫొటో చూసి పేరు చెప్పేసే అలవాటు ఈ రంగంలో చాలా అయోమయానికి కారణమైంది.

మన రెండు జిల్లాల తీరం చాలావరకు ఇసుకమయం. పగడపు దిబ్బల జాతుల కోసం ఇక్కడ వెతకడం కాలయాపన. వెతకవలసిన చోట్లు మూడు రకాలు. మొదటిది పూసపాటిరేగ మండలం చింతపల్లి వంటి రాతి తీరం. అక్కడ బండల పగుళ్లలోను, నీరు నిలిచిన గుంటలలోను, రాతి అడుగు నీడలోను చూడాలి. రెండవది కళింగపట్నం దగ్గర వంశధార మొగ, కోనాడ దగ్గర చంపావతి మొగ, భావనపాడు, నౌపడ వైపు ఉప్పుటేళ్లు. ఇక్కడి బురదలో మొండెం పాతుకుని స్పర్శకాలు మాత్రమే పైకి పరిచే రకాల కోసం వెతకాలి. ఇచ్ఛాపురం దాటి ఉత్తరానికి వెళితే వచ్చే చిలికా సరస్సులోని ఇటువంటి జీవులపై జంతుశాస్త్రవేత్త నెల్సన్ అన్నండేల్ 1915లో ప్రచురించిన పని, ఉప్పుటేళ్లలో వెతికేవారికి నేటికీ మంచి ఆరంభం. మూడవది చాలామంది పట్టించుకోని చోటు: వల. ఒడ్డుకు లాగిన వలలో చేపలు ఏరుకున్నాక మిగిలే చెత్తలో సన్యాసి పీతలు మోసుకొచ్చిన గుల్లలు ఉంటాయి, వాటిపై అనిమోన్‌లు అంటుకుని ఉండవచ్చు. వల వారిని ముందే అడిగి పెట్టుకుంటే ఆ గుల్లలు మీ కోసం పక్కన ఉంచుతారు.

రాతి తీరానికి అమావాస్య, పౌర్ణమి తరువాతి రెండు మూడు రోజులలో, నీరు బాగా తీసే వేళకు ఒక గంట ముందే చేరుకోవాలి. సర్వే ఆఫ్ ఇండియా ప్రచురించే ఆటుపోట్ల పట్టికలో విశాఖపట్నం లెక్క చూసుకుంటే ఈ తీరానికి సుమారుగా సరిపోతుంది.

చేతికి మందపాటి రబ్బరు తొడుగు తప్పనిసరి. ముంజేతి లోపలివైపు, వేళ్ల సందులు పలుచని చర్మం కనుక అక్కడే ఎక్కువగా కాటు పడుతుంది. కుట్టినచోట ఇసుకతో రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. రెండూ పేలని దంశకణాలను పేలుస్తాయి. సముద్రపు నీటితోనే కడిగి, అంటుకున్న స్పర్శకాల ముక్కలను పట్టకారుతో తీసి, ఆ తరువాత చర్మం కాలనంత వేడి నీటిలో (45 డిగ్రీల సెల్సియస్‌కు మించకుండా) ఉంచితే నొప్పి తగ్గుతుంది. వెనిగర్ అన్ని జాతుల విషయంలోనూ ఒకేలా పనిచేయదు కనుక దానినే నమ్ముకోవద్దు. ఆయాసం వచ్చినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

జీవిని కదిలించక ముందే వ్రాసుకోవలసినవి కొన్ని ఉన్నాయి, ఎందుకంటే నమూనాను నిల్వ చేసే ఫార్మలిన్ ద్రావణంలో పడ్డాక అవి తిరిగి దొరకవు. అది దేనిని పట్టుకుని ఉంది, స్పర్శకాలు ఎన్ని వరుసలలో ఉన్నాయి, వాటి కొనలు మొద్దుగా ఉన్నాయా సన్నగా ఉన్నాయా, మొండెం మీద ఇసుక రేణువులను పట్టి ఉంచే బుడిపెలు ఉన్నాయా, అవి నిలువు వరుసలుగా ఉన్నాయా, స్పర్శకాల వలయానికి వెలుపల తెల్లని ఉబ్బులు ఉన్నాయా అన్నవి చూడాలి. ఈ ఉబ్బులు పక్కనున్న అనిమోన్‌తో పోట్లాటకు వాడే ఆయుధాలు. తరువాత పుల్లతో మెల్లగా తట్టి చూడండి. గుల్లల మీద బ్రతికే కాలియాక్టిస్ అయితే, ముడుచుకుంటూ మొండెం అడుగుభాగంలోని సన్నని రంధ్రాల గుండా గులాబీ రంగు లేదా తెల్లని దారాలను బయటికి విసురుతుంది. అవి నీటిలో వంకర్లు తిరుగుతూ చేతి తొడుగుకు అంటుకుంటాయి. అకాంషియా అనే ఈ దారాలు ఉన్నాయో లేదో తెలిస్తే వర్గీకరణలో సగం దారి నడిచినట్లే.

ఒకచోట నుండి ఒకటి రెండు జీవులు చాలు. గోరుతో పీకితే అడుగు చిరిగిపోతుంది కనుక చిన్న రాయితో సహా తీసుకోవాలి. నేరుగా ఫార్మలిన్‌లో వేస్తే ముడుచుకుపోయి ఒక ముద్ద మాత్రమే మిగులుతుంది. లీటరు మంచినీటికి 75 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన ద్రావణాన్ని జీవి ఉన్న సముద్రపు నీటిలో కొంచెం కొంచెంగా, దాదాపు సమానమయ్యేవరకు పోయాలి. అది దొరకకపోతే నీటి మీద మెంథాల్ పలుకులు వేయవచ్చు. స్పర్శకాన్ని సూదితో తాకినా కదలనప్పుడు మాత్రమే, మొదట రెండు మూడు స్పర్శకాలను కత్తిరించి 95 శాతం ఆల్కహాల్‌లో డీఎన్ఏ కోసం వేరుగా దాచాలి. ఫార్మలిన్ తగిలాక ఆ పని చెడిపోతుంది. మిగిలిన దేహాన్ని ఒక పాలు ఫార్మలిన్, తొమ్మిది పాళ్లు సముద్రపు నీరు కలిపిన దానిలో ఉంచాలి. పేరుచీటీని పెన్సిల్‌తో మందపాటి కాగితంపై వ్రాసి సీసా లోపలే వేయాలి. సీసాపై అంటించిన చీటీలు మన ఉక్కకు ఊడిపోతాయి.

అసలు పని బల్ల మీద మొదలవుతుంది. గట్టిపడిన దేహాన్ని కొత్త బ్లేడుతో అడ్డంగా, గొంతుక ఉన్న ఎత్తులో కోసి, లోపల చక్రపు ఆకుల మాదిరిగా కేంద్రం వైపు వచ్చే పొరలను, అంటే ఆంత్రయోజనులను, లెక్కించాలి. అవి జంటలుగా ఉంటాయి. సాధారణ జంటలో కండరాల ఉబ్బులు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. నోటి రెండు మూలలకు చేరే నిర్దేశక జంటలలో మాత్రం ఒకదానికొకటి వీపు తిప్పి ఉంటాయి. ఈ జంటల సంఖ్య ఆరు, పన్నెండు, ఇరవైనాలుగుగా పెరుగుతోందా, నిర్దేశక జంట ఒకటే ఉందా, పూర్తి ఆంత్రయోజనులు (గొంతుక వరకు చేరేవి) ఎనిమిదికే పరిమితమయ్యాయా అన్నది గమనించాలి. ఎనిమిదే ఉంటే బురదలో దాగే ఎడ్వర్డ్‌సియిడే వైపు చూడాలి. తరువాత మొండెం పై అంచును నిలువుగా కోసి, నోరు మూసే కండరం లోపలి పొరలో ఉందా, మధ్యనున్న జిగురుపొరలో ఇమిడి ఉందా చూడాలి.

చివరి సాక్ష్యం దంశకోశాలు, అంటే దంశకణాల లోపల దారాన్ని చుట్టి ఉంచే సంచులు. స్పర్శకపు కొన నుండి గుండుసూది తలంత ముక్కను గాజుపలక మీద ఒక చుక్క నీటిలో పెట్టి, పైన కవర్‌స్లిప్ ఉంచి, పెన్సిల్ వెనుక మొనతో మెల్లగా నొక్కాలి. నూనె కటకంతో 1000 రెట్లు పెంచి చూస్తే కణాల మధ్య పొడవాటి, మెరిసే గొట్టాలు కనిపిస్తాయి. లోపల స్ప్రింగులా చుట్టుకున్న సన్నని దారం మాత్రమే ఉన్నవి స్పైరోసిస్ట్‌లు, అవి అంటుకోవడానికే. దారం మొదట్లో ముళ్లున్నవి బాసిట్రిక్‌లు. లోపల స్పష్టమైన దండం ఉన్నవి మాస్టిగోఫోర్‌లు. పేలని కోశాల పొడవు, వెడల్పులనే మైక్రోమీటర్లలో కొలవాలి. ఒక్కో రకానికి ఇరవైకి తగ్గకుండా కొలిచి, స్పర్శకం, మొండెం, గొంతుక, ఆంత్రయోజనుల అంచు, అకాంషియాలకు వేర్వేరు పట్టికలు వేయాలి. ఏ భాగంలో ఏ రకం ఉందన్నది చెప్పని పట్టిక పనికిరాదు.

ఈ లక్షణాలు పట్టుకుని అనిమోన్‌ల నిపుణుడు ఆస్కార్ కార్ల్‌గ్రెన్ 1949లో ఇచ్చిన గుర్తింపు పట్టికలతో కుటుంబం వరకు రావచ్చు. అయితే పై స్థాయి అమరిక 2014లో డీఎన్ఏ ఆధారంగా మారింది: ఆక్టినియేరియాను ఎనెంథెమోనే, ఎంథెమోనే అని రెండు ఉపక్రమాలుగా చేశారు. అకాంషియా లేని అలీసియిడే, అవి ఉన్న కుటుంబాలకు బంధువని తేలింది. ఒక లక్షణం లేకపోవడాన్ని గట్టి ఆధారంగా పట్టుకోకూడదనడానికి ఇదే ఉదాహరణ. పాత భారతీయ వ్యాసాలలో స్టోయికాక్టిస్ అని కనిపిస్తే అది నేటి స్టికోడాక్టైలా అని గుర్తుంచుకోవాలి. ఇక డీఎన్ఏ విషయంలో, చేపల జాతులను గుర్తించడానికి పనికొచ్చే సీఓఐ అనే జన్యువు అనిమోన్‌లలో చాలా నెమ్మదిగా మారుతుంది కనుక దానితో దగ్గరి జాతులు విడిపోవు. 12ఎస్, 16ఎస్, 28ఎస్ వంటి ఇతర జన్యువులను కలిపి చూడాలి.

జాతి వరకు రుజువు రాకపోతే ప్రజాతి పేరు వ్రాసి, జాతి నిర్ధారణ కాలేదని పక్కన గుర్తు పెట్టడమే మర్యాద. నమూనాను భారత జంతు సర్వేక్షణ సంస్థ వంటి సంగ్రహాలయంలో నమోదు చేయించి, ఆ సంఖ్యను, స్పర్శకాల ఆల్కహాల్ సీసా సంఖ్యను, జీవి బ్రతికి ఉండగా తీసిన ఫొటోల సంఖ్యలను ఒకే వరుసలో నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి.