మల్లె పాఠాలు – 3వ భాగం: మొగ్గ టైం పట్టుకోవడం, పూల నూనె, మందుగా వాడకం

పోయిన భాగంలో కత్తిరింపు చెప్పుకున్నాం కదా. డిసెంబర్‌లో నీళ్ళు ఆపి, ఆకు దూసి, జనవరిలో మోకాలెత్తుకి కోసేసిన వాళ్ళకి ఈపాటికి చిగుళ్ళ చివర మొగ్గలు కనపడుతూ ఉండాలి. కోయడానికి మనసొప్పక వదిలేసిన వాళ్ళకి ఆకులే ఎక్కువ కనపడతాయి, ఎందుకంటే మల్లె పూసేది కొత్త రెమ్మ చివరనే, పాత కొమ్మ మీద కాదు. సరే అయిందేదో అయింది, వచ్చే జనవరికి కత్తెర రెడీగా పెట్టుకోండి.

మెసేజ్‌ల్లో కొంతమంది పంపిన ఫొటోలు చూస్తే అసలు అది మల్లేనా అని డౌట్ వచ్చింది, అందుకే ముందు అది తేల్చుకుందాం. ఒక ఆకు తుంచండి, తెల్లగా పాలు కారితే అది నందివర్ధనం, పువ్వు తెల్లగా ఉంటుంది కాబట్టి చాలామంది పొరబడతారు గానీ అది గన్నేరు కుటుంబం. పాలు రాకుండా, ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా జంటగా, ఒక్కో కాడకి ఒకే నున్నటి ఆకు ఉంటే మల్లె, శాస్త్రీయ నామం జాస్మినమ్ సంబాక్. ఒకే కాడకి అటూ ఇటూ చిన్నాకులు వరసగా ఉండి చివర ఒకటి ఉంటే జాజి. ఆకు గరుకు కాగితంలా చేతికి తగిలి, రెమ్మ నాలుగు పలకలుగా ఉంటే పారిజాతం. మల్లె, జాజి, పారిజాతం మూడూ ఒలియేసి కుటుంబమే, అంటే ఆలివ్ చెట్టుకి చుట్టాలు. మొక్కలకి శాస్త్రీయ పేర్లు పెట్టిన లిన్నేయస్ 1753లో మన మల్లెని పారిజాతం ప్రజాతిలోనే వేశాడు, 1789లో ఐటన్ అనే ఇంకో వృక్షశాస్త్రవేత్త దాన్ని జాస్మినమ్‌లోకి మార్చాడు. ఈ గోల ఎందుకు చెప్తున్నానంటే మందు దగ్గరకొచ్చేసరికి జాజికి చెప్పింది మల్లెకి అంటగట్టే వాళ్ళు ఎక్కువైపోయారు.

ఇప్పుడు అసలు పని. పొద్దున్నే చెట్టు దగ్గర నిలబడి ఒక గుత్తి చూడండి. అన్ని మొగ్గలూ ఒక వయసువి కావు, మధ్యది పెద్దది, ముందు విచ్చేది అదే, పక్కవి దాని వెనకాల. మొగ్గ అడుగున సన్నటి పచ్చ పోగులు ఉన్నాయి కదా, అవి రక్షక పత్రాలు, ఏడెనిమిది ఉంటాయి. ఆ పోగుల్లోంచి మొగ్గ బాగా పైకి సాగి, మొత్తం తెల్లబడి, బొద్దుగా ఉంటే అది ఈ రోజు సాయంత్రం విచ్చుకునేది. కొసన పచ్చ ఛాయ ఉంటే రేపో ఎల్లుండో. మైలవరం వైపు తోటల్లో, మంగళగిరి దగ్గర పెదవడ్లపూడిలో తెల్లారుజామునే కోత మొదలుపెట్టేది ఈ లెక్క మీదే, పొద్దున కోసిన మొగ్గ సాయంత్రానికి బెజవాడలో మూర లెక్కన అమ్ముడై తల్లోకెళ్ళాక విచ్చుకోవాలి.

ఒక బ్లేడు తీసుకుని మొగ్గని నిలువుగా చీల్చి చూడండి, ఇది తప్పకుండా చెయ్యండి. ఒంటిరేకు మల్లె అయితే గొట్టం లోపల రెండే రెండు కేసరాలు, అంటే పుప్పొడి ఉండే పోగులు, అతుక్కుని కనిపిస్తాయి. బొండుమల్లె అయితే పొరలు పొరలుగా రేకులే వస్తాయి, కేసరాలు రేకులుగా మారిపోవడం వల్ల అలా అవుతుంది, అందుకే దానికి కాయ, విత్తనం అనే ఆశ పెట్టుకోకండి, అంటు తొక్కాల్సిందే, అంటే కొమ్మని వంచి మట్టిలో కప్పి వేళ్ళు రప్పించాలి.

వాసన సంగతి ఇక్కడే అర్థం చేసుకోవాలి. గట్టి మొగ్గని మధ్యాహ్నం ముక్కు దగ్గర పెట్టుకుంటే పెద్దగా ఏమీ రాదు, అదే రాత్రి ఎనిమిదింటికి గదంతా నింపేస్తుంది. లినలూల్, బెంజైల్ ఎసిటేట్ లాంటి వాసన పదార్థాలు విచ్చుకునేటప్పుడే ఎక్కువగా విడుదలవుతాయి, కోసేశాక కూడా ఆ పని ఆగదు. చైనాలో మల్లె టీ చేసేవాళ్ళు పగలు మొగ్గలు కోసి రాత్రి తేయాకులో కలిపేది ఇందుకే, వాళ్ళు వాడేదీ ఈ సంబాకే. కాబట్టి మల్లెపూలు నూనెలో వేసి స్టవ్ మీద మరిగించే వీడియోలు చూసి పూలు పాడు చేసుకోకండి, వేడికి వాసన ఎగిరిపోయి ఉడికిన ఆకు కంపు మిగులుతుంది.

పాత పద్ధతిలో నువ్వుల మీద పూలు పరిచి, రోజూ పూలు మార్చి, ఆ నువ్వుల్ని గానుగ ఆడేవాళ్ళు. ఇంట్లో గానుగకి సరిపడా నువ్వులు ఎక్కడ తెస్తాం, నూనెతోనే కానిద్దాం. వెడల్పు గాజు గిన్నెలో పచ్చి నువ్వుల నూనె పోసి, సాయంత్రం ఆరింటికి తడి లేని మొగ్గలు వేసి, పల్చటి గుడ్డ కట్టి వదిలేయండి. పొద్దున్నే పూలు తీసేయాలి, ఇదే ముఖ్యం, గోధుమ రంగుకి తిరిగేదాకా ఉంచితే నూనె ముక్క వాసన కొడుతుంది. సాయంత్రం మళ్ళీ కొత్త మొగ్గలు. వాసన మీకు చాలనిపించేదాకా ఇలాగే, తర్వాత వడకట్టి ఒక రోజు కదపకుండా ఉంచితే నీళ్ళు అడుక్కి చేరతాయి, పైన తేరిన నూనె మాత్రం ఒంపుకోండి. సెంటు సీసాలా గుప్పుమనదు, తలకి రాస్తే నెమ్మదిగా తెలుస్తుంది, నాకైతే అదే ఇష్టం.

మందుగా మల్లెకి బాగా పేరున్న వాడకం ఒకటే, పాలు ఆపడం. బిడ్డ దక్కని తల్లికో, పాలు మాన్పించాల్సి వచ్చినప్పుడో రొమ్ములకి మల్లెపూలు కట్టేవాళ్ళు. వెల్లూరు డాక్టర్లు దీన్ని పరీక్షించారు, 1988లో అచ్చయింది, దండ కట్టిన వాళ్ళనీ పాలు ఆపే బ్రోమోక్రిప్టిన్ మాత్ర ఇచ్చిన వాళ్ళనీ పోల్చారు. రెండు చోట్లా పాలు ఊరించే హార్మోన్ ప్రోలాక్టిన్ తగ్గింది, మాత్రతో ఇంకా ఎక్కువ తగ్గింది, అయినా పాలు ఆగడంలో పూలు కూడా పనిచేశాయి. బాలింత తల్లో పూలు పెట్టుకుంటే పాలు పోతాయా అంటారా, ఆ పరీక్ష దాని గురించి కాదు, అక్కడ పూలు కట్టింది రొమ్ముల మీద. జ్వరం, గడ్డ, ఎర్రదనం ఉంటే పూలు పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నోటిపూతకి నమిలేది, పుండ్లకి రాసే ఆయుర్వేద నూనె జాత్యాది తైలంలో పడేది జాజి ఆకు, మల్లె ఆకు కాదు. తలనొప్పికి పూలు నూరి పట్టు వేయడం పల్లెల్లో ఉంది. పూల నీళ్ళు కళ్ళలో పోసుకోవడం మాత్రం వద్దే వద్దు, మార్కెట్ పూలకి మొగ్గతొలిచే పురుగు మందు కొట్టి ఉంటారు. నూనెకి కూడా మీ కుండీ పూలే వాడండి.

ఈ వారం పని: ఒకే గుత్తిలో మూడు మొగ్గలకి రంగు దారాలు కట్టి, ఏది ఏ సాయంత్రం విచ్చుతుందో ముందే రాసి పెట్టుకుని సరిచూసుకోండి. వచ్చే భాగం అంటు తొక్కడం, దానికి నేల దాకా వంగే పెన్సిల్ మందం కొమ్మ ఒకటి చూసి గుర్తు పెట్టి ఉంచండి, దాన్ని మాత్రం కోయకండి.