పెద్దయ్యాక స్కూటీ నేర్చుకునేవాళ్లకు: ముందు కుడి మణికట్టు

చిన్నప్పుడు సైకిల్ తొక్కినవాళ్లకు బ్యాలెన్స్ ఎక్కడికీ పోదు. అయినా ముప్పై, నలభై ఏళ్ల వయసులో స్కూటీ ఎక్కి, మొదటి రోజే గోడకు గుద్దేవాళ్లు చాలామంది. తప్పు కుడి చేతిది. భయం వేస్తే చెయ్యి బిగుసుకుంటుంది, బిగిసిన చేతిలో రేజ్ (యాక్సిలరేటర్) తిరుగుతుంది, బండి ముందుకు దూకుతుంది. దూకేసరికి ఇంకా గట్టిగా పట్టుకుంటారు.

దీనికి మందు చెయ్యి వేసే తీరులోనే ఉంది. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు మణికట్టు పైకి లేచి ఉండకూడదు. ముంజేయి, వేళ్ల మెటికలు ఒకే వరసలో ఉండాలి. మణికట్టు ఎత్తి పట్టుకుంటే, బ్రేక్ పట్టబోయేసరికి అది కిందికి జారి రేజ్ ఇచ్చేస్తుంది. మోచేతులు కొద్దిగా వంచి వదులుగా పెట్టుకోండి.

యాక్టివా లాంటి 110 సీసీ బండి బరువు వంద కిలోల పైనే. సీటు మీద కూర్చుంటే రెండు పాదాల ముందు సగమైనా నేలకు ఆనాలి. ఆనకపోతే నేర్చుకోవడానికి ఇంకాస్త చిన్న బండి చూసుకోండి. చోటు విషయానికొస్తే ఆదివారం పొద్దున స్కూల్ గ్రౌండ్, లేదా ఇళ్లింకా కట్టని కొత్త వెంచర్ల సిమెంటు రోడ్లు బాగుంటాయి. ఇసుక, కంకర ఉన్నచోటు వద్దు. హెల్మెట్ క్లిప్పు పెట్టుకోండి, చున్నీ గానీ పవిట గానీ నడుముకు చుట్టి ముడేయండి, కాళ్లకు బూట్లు వేసుకోండి.

మొదటి రోజు ఇంజిన్ ఆన్ చేయొద్దు. సెంటర్ స్టాండ్ వేయడం, తీయడం నేర్చుకోండి. స్టాండ్ వేసేది చేతి బలంతో కాదు, దాని కొసను కాలితో తొక్కి ఒంటి బరువంతా దాని మీద వేయాలి. తర్వాత సీటు మీద కూర్చుని కాళ్లతో నేలను తోసుకుంటూ పది మీటర్లు వెళ్లి, ఎడమ బ్రేక్ పట్టి ఆపండి. ఇలా ఇరవైసార్లు చేస్తే బండి బరువు ఎటు లాగుతుందో ఒంటికి తెలుస్తుంది.

రెండో రోజు ఎడమ బ్రేక్ పట్టుకుని సెల్ఫ్ కొట్టండి. గేర్లు లేని పెట్రోలు బండిలో రేజ్ కొంచెం తిప్పగానే కదలదు. ఇంజిన్ వేగం పెరిగి, లోపలి క్లచ్ షూలు విచ్చుకుని డ్రమ్మును పట్టాకే చక్రం తిరుగుతుంది. కొత్తవాళ్లు ఈ సందులోనే మోసపోతారు. కదలడం లేదని ఇంకా తిప్పుతారు, ఒక్కసారిగా పట్టుకుంటుంది. అందుకే బ్రేక్ తేలిగ్గా పట్టి ఉంచి, బండి ముందుకు గుంజుతున్నట్టు అనిపించేదాకా మాత్రమే తిప్పండి. అక్కడ చెయ్యి ఆపి, బ్రేక్ మెల్లగా వదలండి. ఎలక్ట్రిక్ బండ్లలో ఈ పద్ధతి కుదరదు: చాలావాటిలో బ్రేక్ పడితే మోటారు ఆగిపోతుంది, వదిలాక రేజ్ తిప్పగానే చప్పుడు లేకుండా కదులుతాయి.

కదిలిన రెండు మీటర్లలోపే కాళ్లు పైన పెట్టేయండి. కాళ్లు ఈడ్చుకుంటూ వెళ్తేనే బండి ఊగుతుంది. చూపు ముందు చక్రం మీద కాదు, వెళ్లాల్సిన చోట ఉండాలి.

ఆపేటప్పుడు వరస ముఖ్యం: ముందు రేజ్ పూర్తిగా వదలాలి, హ్యాండిల్ నిటారుగా ఉండాలి, అప్పుడు రెండు బ్రేకులూ కలిపి పట్టాలి. హ్యాండిల్ తిరిగి ఉండగా కుడి బ్రేక్ గట్టిగా పడితే ముందు చక్రం జారి పక్కకు పడేస్తుంది. నేల మీద సుద్దతో గీత గీసి, 20 కి.మీ. వేగంలో వచ్చి సరిగ్గా గీత దగ్గర ఆపడం వచ్చేదాకా రోడ్డెక్కొద్దు.

వెనక కూర్చుని నేర్పించేవాళ్లు వద్దనే మా సలహా. వాళ్ల బరువుకు, అరుపులకు కొత్త చేతులు ఇంకా బిగుసుకుంటాయి. పక్కన నిలబడి చూస్తే చాలు.

నిలబడిన బండి ఒరిగిపోతుంటే ఆపాలని చూడకండి, వదిలేసి పక్కకు తప్పుకోండి. లేపే ముందు తాళం ఆపేయండి. కుడివైపు పడితే ముందే సైడ్ స్టాండ్ లాగి పెట్టండి, లేకపోతే లేపాక ఎడమవైపు పడిపోతుంది.

మొదటిసారి రోడ్డు మీదకు వెళ్తే అన్నీ ఎడమ మలుపులే ఉండేలా కాలనీ చుట్టూ తిరగండి. ఎదురొచ్చే బండ్లకు అడ్డం వెళ్లే పని ఉండదు. కుడి మలుపు, యూ టర్న్ వారం తర్వాత చూసుకోవచ్చు.

రోడ్డెక్కాలంటే ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్స్ లైసెన్స్) ఉండాలి, ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్ర ‘ఎల్’ ఉండాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు పనిచేస్తుంది, 30 రోజులు నిండాక టెస్టుకు వెళ్లొచ్చు. అక్కడ వేయాల్సిన ఎనిమిదికి కిటుకు ఇది: రేజ్ కొద్దిగా ఒకేలా ఉంచి, వేగం ఎడమ బ్రేకుతోనే తగ్గిస్తూ, తల తర్వాతి మలుపు వైపు తిప్పండి. లైసెన్స్ చేతికొచ్చేదాకా పిల్లల్ని స్కూలుకు దింపడానికి కూడా వెనక ఎక్కించుకోకూడదు.