ఇంగ్లిష్ పేరాలో అలంకారం దొరకడం లేదా? లోపం ఎక్కడుందో వెతికే పద్ధతి

హన్మకొండలో డిగ్రీ ఇంగ్లిష్ సాహిత్యం చదివేవారు, బీఈడీ చేస్తున్నవారు, జూనియర్ లెక్చరర్ పోటీ పరీక్షలకు తయారవుతున్నవారు నా దగ్గరికి తెచ్చే జవాబు పత్రాల్లో తప్పులు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. నిర్వచనం అడిగితే తడుముకోకుండా చెప్తారు. పది పంక్తుల పేరా ముందు పెట్టి ఇందులో ఏ రెటారికల్ డివైస్ ఉంది, రచయిత మనల్ని ఏ దారిన ఒప్పిస్తున్నాడు అని అడిగితే కలం ఆగిపోతుంది, లేదంటే ఏదో ఒక పేరు రాసేసి ముందుకు వెళ్లిపోతుంది. పైకి కనిపించే ఆనవాలును మాత్రమే పట్టుకుని వెతకడం ఈ తప్పుల్లో ఎక్కువ వాటికి మూలమని నా అనుభవం. ఏ తప్పు ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎలా సరిచేసుకోవాలో ఒక్కొక్కటిగా చెప్తాను.

లక్షణం: రెండు పదాల మొదటి అక్షరం ఒకటే, అయినా అలిటరేషన్ కాదని కొట్టేశారు

'కూల్ సిటీ' అనే మాటల్లో రెండు పదాలూ ఇంగ్లిష్ రాతలో 'సి' అనే అక్షరంతోనే మొదలవుతాయి కనుక విద్యార్థి ధైర్యంగా అలిటరేషన్ (దగ్గర దగ్గర పదాలు ఒకే ధ్వనితో మొదలవడం) అని రాస్తాడు. అదే పేరాలో 'నీట్ నైఫ్' అని ఉంటే, ఒకటి 'ఎన్'తో, ఇంకొకటి 'కె'తో మొదలైంది కదా అని వదిలేస్తాడు. రెండు చోట్లా మార్కు పోతుంది. నేను డిగ్రీలో ఉన్నప్పుడు సరిగ్గా ఇదే తప్పు చేసి, పదాల చుట్టూ ఎర్ర సిరాతో గీసిన సున్నాలను చాలా రోజులు దాచుకున్నాను.

కారణం మన లిపిలోనే ఉంది. తెలుగులో రాసిందే పలుకుతాం కాబట్టి అనుప్రాస కంటికీ చెవికీ ఒకేసారి అందుతుంది. బమ్మెర పోతన 'అడిగెదనని కడువడి' అని మొదలుపెట్టిన పద్యంలో డకారం ఎన్నిసార్లు వచ్చిందో చూసినా చెప్పవచ్చు, విన్నా చెప్పవచ్చు. ఇంగ్లిష్‌లో రాత ఒకటి, పలుకుబడి ఒకటి. అలిటరేషన్ పలుకుబడికి సంబంధించినది.

పరిష్కారం చాలా తేలిక: అనుమానం వచ్చిన మాటలను పేజీ అంచున తెలుగు లిపిలో రాయండి. 'కూల్ సిటీ' అని రాయగానే ఒకటి క, ఒకటి స అని తేలిపోతుంది. 'నీట్ నైఫ్' అని రాయగానే రెండు నకారాలు పక్కపక్కన నిలబడతాయి. అయితే ఈ పద్ధతి రెండు చోట్ల మోసం చేస్తుంది. 'వెరీ', 'వెల్' రెండింటినీ మనం వకారంతోనే రాస్తాం, కానీ ఇంగ్లిష్‌లో మొదటిది పై పళ్లు కింది పెదవికి తగిలి పుట్టే ధ్వని, రెండవది పెదవులు గుండ్రంగా ముడుచుకుంటే వచ్చే ధ్వని. 'జూ', 'జోక్' విషయమూ అంతే. ఈ రెండవ తేడా వరంగల్ వాళ్లకు కష్టం కాకూడదు. ఉర్దూ చెవిన పడుతూ పెరిగినవాళ్లకు 'జిందగీ'లోని జకారం, 'జల్దీ'లోని జకారం ఒకటి కావని ఎవరూ చెప్పనక్కరలేదు.

లక్షణం: 'లైక్' కనబడిన ప్రతిచోటా సిమిలీ (ఉపమ) అని రాస్తున్నారు

'సిటీస్ లైక్ వరంగల్' అంటే వరంగల్ వంటి నగరాలు అని అర్థం, అక్కడ వరంగల్ ఒక ఉదాహరణ మాత్రమే. 'షీ లుక్స్ లైక్ హర్ మదర్' అన్న వాక్యంలో పోలిక ఉన్నా అది నిజంగా ఉన్న పోలికే, కల్పించినది కాదు. 'లైక్ గానీ యాజ్ గానీ ఉంటే సిమిలీ' అని గైడులో చదివిన ఒక్క ముక్కే ఈ తప్పుకు కారణం.

పదో తరగతి తెలుగు వాచకాన్ని గుర్తు చేసుకుంటే చాలు. ఉపమేయం, ఉపమానం, సమాన ధర్మం, ఉపమావాచకం అని నాలుగు భాగాలు నేర్చుకున్నాం. 'లైక్' అనేది ఉపమావాచకం మాత్రమే. మిగిలిన మూడూ దొరికాయా అని చూడాలి, పైగా ఉపమేయం, ఉపమానం వేర్వేరు జాతుల వస్తువులై ఉండాలి. 'ద బజార్ హమ్డ్ లైక్ ఎ హైవ్' అంటే బజారు ఉపమేయం, తేనెపట్టు ఉపమానం, రొద సమాన ధర్మం. ఇక సందేహం లేదు. ఒక్క జాగ్రత్త ఉంది. 'యాజ్ ఇఫ్'తో వచ్చే ఊహను మనం ఉత్ప్రేక్ష అని వేరుగా లెక్కిస్తాం, ఇంగ్లిష్ పుస్తకాలు దాన్ని సాధారణంగా సిమిలీ కిందే జమకడతాయి.

లక్షణం: మాట తిరిగి వచ్చిందని తెలుస్తోంది, పేరు తారుమారవుతోంది

దీని మీద ఎక్కువసేపు ఆగనవసరం లేదు. తిరిగి వచ్చిన మాట వాక్యంలో ఎక్కడ కూర్చుందో చూడండి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ 'ఐ హావ్ ఎ డ్రీమ్' అంటూ వాక్యం తర్వాత వాక్యం మొదలుపెట్టాడు. మొదట్లో తిరిగి వస్తే అనఫొరా. 1863 గెటిస్‌బర్గ్ ప్రసంగంలో లింకన్ 'ఆఫ్ ద పీపుల్, బై ద పీపుల్, ఫర్ ద పీపుల్' అన్నప్పుడు ఒకే మాట చివర్లో వచ్చింది, అది ఎపిస్ట్రఫీ. 1961 జనవరి 20న కెనెడీ దేశం నీకేం చేయగలదని అడగకు, నువ్వు దేశానికేం చేయగలవో అడుగు అన్న వాక్యంలో 'కంట్రీ', 'యూ' అనే రెండు మాటలు స్థానాలు మార్చుకున్నాయి. దాన్ని యాంటీమెటబొలీ అంటారు, చాలా పాఠ్యపుస్తకాలు కయాజ్మస్ అని కూడా రాస్తాయి. లింకన్ వాక్యంలో మూడు ముక్కలూ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి కాబట్టి ప్యారలలిజం అని రాసినా తప్పు కాదు.

లక్షణం: ఏథోస్, పేథోస్, లోగోస్ ఒకదానికొకటి మారిపోతున్నాయి

అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలో అరిస్టాటిల్ చెప్పిన విభజన ఇది: మాట్లాడేవాడి మీద నమ్మకంతో ఒప్పించడం ఏథోస్, వినేవాడి మనసును కదిలించి ఒప్పించడం పేథోస్, చెప్పే విషయంలోని తర్కంతో ఒప్పించడం లోగోస్.

తప్పులకు రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది పేర్ల పోలిక. ఏథోస్ అనగానే ఎథిక్స్ గుర్తొచ్చి నీతి బోధ ఉన్నచోటల్లా దాన్ని రాస్తారు. పేథోస్ అంటే ఏడుపు మాత్రమే అనుకుని కోపం, భయం, గర్వం, ఆశ రేపే వాక్యాలను వదిలేస్తారు. రెండవది అంకె కనబడగానే లోగోస్ అనుకోవడం.

నిర్వచనాలు పక్కన పెట్టి ఎనుమాముల మార్కెట్ యార్డుకు వెళ్దాం. మిర్చి బస్తాలు దించుకుని ధర నచ్చక కూర్చున్న రైతు దగ్గరికి అడ్తిదారు వచ్చి మూడు మాటలు అంటాడు. 'అన్నా, ముప్పై ఏండ్ల సంది ఈ యార్డుల ఉన్న, ఒక్కలతోని మాట వడలే.' 'ఇంట్ల బిడ్డ పెండ్లి పెట్టుకున్నవ్, సరుకు ఏడ వెట్టుకొని కూసుంటవే?' 'నిన్నటికంటే ఇయ్యాల బస్తాలు ఎక్కువ దిగినయి, రేపు ఇంకా దిగుతయి, ధర ఇంకింత పడ్తది.' ఈ మూడింటినీ నా విద్యార్థుల ముందు పెడితే, మొదటి దాంట్లో ముప్పై అనే అంకె ఉంది కాబట్టి లోగోస్ అన్నవాళ్లు ఉన్నారు. ఆ ముప్పై ఏళ్లు ధర గురించి ఏమీ నిరూపించవు. మనిషిని నమ్మమని మాత్రమే చెప్తాయి. కనుక అది ఏథోస్. రెండవది పేథోస్. మూడవ వాక్యంలో అంకె ఒక్కటీ లేదు, అయినా రాక పెరిగితే ధర తగ్గుతుందన్న కార్యకారణ సంబంధం ఉంది కాబట్టి అదే లోగోస్. రేపు నిజంగా బస్తాలు ఎక్కువ దిగుతాయా అన్నది వేరే ప్రశ్న. తర్కం తప్పైనా దారి మాత్రం తర్కానిదే.

కాబట్టి పరిష్కారంగా నేను చెప్పే పరీక్ష ఇది: ఆ వాక్యాన్ని వేలితో మూసి, ఇప్పుడు ఏది సడలిందని అడగండి. చెప్పేవాడి మీద నమ్మకం సడలితే ఏథోస్, వినేవాడి ఉద్వేగం చల్లారితే పేథోస్, వాదనలో ఒక మెట్టు ఊడితే లోగోస్.

నెహ్రూ 1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం మీద దీన్ని ప్రయోగించి చూడండి. అర్ధరాత్రి గంట కొట్టే వేళ, ప్రపంచం నిద్రపోతుండగా, భారతం మేల్కొంటుందని ఆయన అన్నాడు. గంట, సమయం ఉన్నాయి కాబట్టి వాస్తవం చెప్తున్నాడని ఒక అమ్మాయి లోగోస్ అని రాసింది. కానీ మనకు అర్ధరాత్రి అయినప్పుడు లండన్‌లో సాయంత్రమే, న్యూయార్క్‌లో మధ్యాహ్నమే. ప్రపంచం నిద్రపోలేదని ఆయనకు తెలియదా? నిద్ర, మెలకువ అనే విరోధాన్ని పక్కపక్కన పెట్టి వినేవారి గుండె ఉప్పొంగేలా చేయడమే ఆ వాక్యం పని. అది యాంటిథెసిస్ సాయంతో సాగిన పేథోస్.

లక్షణం: వెటకారాన్ని పొగడ్తగా చదువుతున్నారు

షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్' నాటకం మూడో అంకం రెండో రంగంలో, హత్యకు గురైన సీజర్ శవం దగ్గర నిలబడి అతని మిత్రుడు ఆంటొనీ, చంపినవారిలో ఒకడైన బ్రూటస్‌ను గౌరవనీయుడని పదే పదే అంటాడు. దాన్ని పొగడ్త అని రాసిన పత్రాలు ఏటా చూస్తున్నాను. మొదటిసారి అన్నప్పుడు అది నిజంగా మర్యాదలాగే ఉంటుంది. కంటితో గబగబా చదివేవారు రెండో, మూడో సారి కూడా అదే స్వరంతో చదివేస్తారు.

తిరిగి వచ్చే మాటను వదిలి, దానికి ముందు ఏం వచ్చిందో చూడాలి. సీజర్‌కు పేరాశ అని బ్రూటస్ అన్నాడు. ఆంటొనీ మాత్రం బందీల విడుదల సొమ్ము ఖజానాకు చేరిందని, పేదలు ఏడిస్తే సీజర్ ఏడ్చాడని, కిరీటం మూడుసార్లు ఇస్తే మూడుసార్లూ వద్దన్నాడని ఒక్కొక్క సాక్ష్యం పెడుతూ, మధ్య మధ్య 'బ్రూటస్ గౌరవనీయుడు' అంటూనే ఉంటాడు. సాక్ష్యం ఒకవైపు పెరుగుతుంటే మాట మారకుండా ఉంది కాబట్టి దాని అర్థం తలకిందులైంది. గొంతెత్తి చదివితే మూడోసారికి మీ స్వరమే మారుతుంది. మన ఇళ్లలో 'అబ్బో, శానా పనిమంతుడివి' అని అమ్మ అన్నప్పుడు పొగిడిందని ఎవరమూ అనుకోలేదు కదా.

లక్షణం: పేరు సరిగ్గా రాశారు, అయినా సగం మార్కులే వచ్చాయి

జవాబు 'పాఠకుణ్ణి ఆకట్టుకోవడానికి రచయిత దీన్ని వాడాడు' అని ముగిసి ఉంటుంది. ఈ వాక్యాన్ని కోసి ఏ పేరా కిందైనా అతికించవచ్చు. అలా అతుకుతుందంటే అందులో విషయం లేనట్టే. లింకన్ వాక్యం గురించి రాస్తుంటే, 'ఆఫ్, బై, ఫర్ అనే చిన్న మాటలు మారుతుంటే పీపుల్ అన్న మాట మాత్రం కదలకుండా నిలిచింది, అందువల్ల ప్రభుత్వం ఎవరిది, ఎవరు నడిపేది, ఎవరి కోసం అన్న మూడు ప్రశ్నలకూ ఒకే జవాబు వినిపిస్తుంది' అని రాయండి. దీన్ని ఇంకో పేరా కింద పెడితే అతకదు.

లక్షణం: ప్రతి వాక్యంలోనూ ఏదో ఒక అలంకారం కనిపిస్తోంది

కొంత సాధన చేశాక వచ్చే జబ్బు ఇది. 'హైదరాబాద్ నిర్ణయించింది' వంటి వార్తా వాక్యాన్ని పర్సానిఫికేషన్ (మనిషి కానిదాన్ని మనిషిగా చెప్పడం) అంటారు. అక్కడ ప్రభుత్వానికి బదులు అది ఉన్న ఊరి పేరు వాడారు, అది మెటానమీ. సభలో ఎవరో నిజంగా సమాచారం కోసం అడిగిన ప్రశ్నను రెటారికల్ క్వశ్చన్ అంటారు. జవాబు ఆశించి అడిగాడా లేదా అన్నది తర్వాతి వాక్యమే చెప్తుంది. నిన్న ఒక అబ్బాయి పురుగుమందు డబ్బా మీది ఇంగ్లిష్ సూచనలు తెచ్చి, 'సార్, ప్రతి వాక్యం డూ నాట్ అని మొదలైంది, అనఫొరానే కదా?' అని అడిగాడు. ఎక్కడ తిరిగి వచ్చిందో సరిగ్గానే చూశాడు. అయితే పిచికారీ చేసేటప్పుడు పొగ తాగవద్దని, ఖాళీ డబ్బాను మళ్లీ వాడవద్దని చెప్పడానికి ఆ కంపెనీకి వేరే మాట అవసరం లేదు. ఆ వరుసలో ఎక్కడా స్వరం పెరగలేదు, ఒక వాక్యం తీసేస్తే ఒక జాగ్రత్త తగ్గుతుందే తప్ప ఊపు తగ్గదు. 'అలంకారం లేదు' అని రాయమన్నాను.