స్టేషన్ వ్యాగన్‌కి సస్పెన్షన్, బ్రేకులు మార్చేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

స్టేషన్ వ్యాగన్ అంటే పైకప్పు వెనక దాకా సాగి, సీట్ల వెనక పొడవైన సామాను చోటు ఉండే కారు. డిక్కీ ఖాళీగా ఉన్నప్పుడు అది ఒకలా నడుస్తుంది. వెనక సీట్లు మడిచి పైకప్పు దాకా సామాను నింపితే అదే బండి ఇంకోలా నడుస్తుంది. మామూలు కారులో ఈ తేడా అంతగా తెలియదు. వ్యాగన్‌లో పెరిగిన బరువంతా దాదాపు వెనక ఇరుసు మీదే పడుతుంది కాబట్టి బాగా తెలుస్తుంది. దానికి తోడు ఇంజిన్ పవర్ పెంచిన బండి అయితే వేగం కూడా పెరిగి ఉంటుంది. అందుకే సస్పెన్షన్ (చక్రాలకీ బాడీకీ మధ్య ఉండే స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు), బ్రేకులు మార్చే పని పెట్టుకునే వాళ్లకి నేను ముందుగా చెప్పేది, ఏ భాగం కొన్నా ఖాళీ బండికీ నిండు బండికీ సరిపోతుందా అని చూసుకోమని. ఇంకో మాట కూడా చెప్తాను. స్ప్రింగులు మార్చడం ఒక పని, బ్రేకులు మార్చడం వేరే పని అనుకోకండి. స్ప్రింగు మారిస్తే బ్రేకు కూడా మారిపోయే బండ్లు చాలా ఉన్నాయి.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. నా పాత వ్యాగన్‌ని ఒక వర్క్‌షాపులో నాలుగు సెంటీమీటర్లు కిందికి దింపించాను. చూడ్డానికి బాగుంది, మలుపుల్లో ఊగడం తగ్గింది. వారం తర్వాత సన్నగా వాన పడుతుండగా, ఖాళీ బండితో ఒక దిగుడు మలుపులో బ్రేకు వేశాను. గట్టిగా కూడా వేయలేదు. వెనక చక్రాలు బిగుసుకుపోయి బండి వెనక భాగం పక్కకి వచ్చేసింది. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి బతికిపోయాం. తర్వాత టార్చి పట్టుకుని బండి కింద చూస్తే, వెనక ఇరుసు నుంచి పెన్సిలంత సన్నటి కడ్డీ ఒకటి పైకి వెళ్లి, బాడీకి బిగించిన చిన్న వాల్వుకి తగులుతోంది. కడ్డీ పైకి నెట్టుకుపోయి, వాల్వు పిడి చివరిదాకా తిరిగి ఉంది. బండిని దింపినప్పుడు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఆ వాల్వు పని ఏమిటంటే, వెనక ఎంత బరువుందో చూసి వెనక బ్రేకులకి అంత ప్రెషర్ పంపడం. సామాను ఎక్కితే బాడీ ఇరుసుకి దగ్గరవుతుంది, కడ్డీ కదులుతుంది, వాల్వు ఎక్కువ ప్రెషర్ వదులుతుంది. మరి పొట్టి స్ప్రింగులు వేస్తే? ఖాళీ బండిలో కూడా బాడీ కిందికే ఉంటుంది. వాల్వు లోడు ఉందనుకుని వెనక్కి పూర్తి ప్రెషర్ పంపుతుంది. బ్రేకు వేయగానే బరువు ముందుకి వాలిపోతుంది, తేలికైన వెనక చక్రాలు ముందుగా లాక్ అవుతాయి, బండి తిరిగిపోతుంది. ఎత్తు పెంచితే దీనికి ఉల్టా: నిండా లోడు ఉన్నా వెనక బ్రేకులు సరిగా పట్టవు, భారమంతా ముందు బ్రేకుల మీదే పడి ఆగే దూరం పెరుగుతుంది. గట్టి స్ప్రింగులు వేసినా అంతే, బరువు పెరిగినా బాడీ పెద్దగా దిగదు కాబట్టి వాల్వుకి సంగతి తెలియదు. కొత్త బండ్లలో ఈ పని, చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ కంప్యూటరే చూసుకుంటుంది. మీ బండిలో వాల్వు ఉందో లేదో ముందు వెనక ఇరుసు దగ్గర చూడండి. ఉంటే, ఎత్తు మార్చిన ప్రతిసారీ సర్వీస్ మాన్యువల్లో చెప్పిన పద్ధతిలో సెట్ చేయించండి. కొన్నిటికి కొలత చాలు, కొన్నిటికి ప్రెషర్ గేజ్ పెట్టి చూడాలి. కడ్డీని కంటి అంచనాతో వంచేసి సరిపెట్టొద్దు.

వ్యాగన్లలోనే తరచుగా కనిపించే ఇంకో ఉచ్చు, వాటంతటవే ఎత్తు సరిచేసుకునే వెనక షాక్ అబ్జార్బర్లు. నివోమాట్ అనే రకం చాలా వ్యాగన్లలో వచ్చింది. చూడ్డానికి మామూలు వాటికన్నా లావుగా ఉంటాయి. బండి కదులుతున్న కొద్దీ లోపల పంపు చేసుకుని, వంగిన వెనక భాగాన్ని పైకి లేపుతాయి. బరువులో కొంత అవే మోస్తాయి కాబట్టి వాటితో వచ్చే స్ప్రింగులు మెత్తగా ఉంటాయి. అవి పోయాయని మామూలు షాకులు వేసి, స్ప్రింగులు పాతవే ఉంచితే వెనక భాగం కూలబడిపోతుంది. మారిస్తే రెండూ కలిపి మార్చాలి.

భాగాలు ఎంచుకునేటప్పుడు అందరి కళ్లూ ముందు పెద్ద డిస్కుల మీద పడతాయి. నా సలహా వేరు. ముందు మంచి టైర్లు, కొత్త బ్రేక్ ఆయిల్, మంచి ప్యాడ్లు, పగుళ్లు లేని గొట్టాలు. ఒక్కసారి గట్టిగా బ్రేకు వేసి ఆపడానికి హద్దు పెట్టేది చాలావరకు టైరు పట్టే. పెద్ద డిస్కు ఉపయోగం వేడి దగ్గర తెలుస్తుంది. వేగం రెట్టింపైతే ఆపడానికి మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. 1500 కిలోల బండిలో 300 కిలోలు ఎక్కిస్తే ఆ శక్తి ఇంకో 20 శాతం పెరుగుతుంది. నిండు లోడుతో కొండ దిగేటప్పుడు ఆ వేడికే బ్రేకులు చచ్చుబడతాయి. అలాంటి దారుల్లో తిరిగే వాళ్లకి పెద్ద డిస్కులు నిజంగా అవసరమే. కాకపోతే కొనేముందు వీల్ రింగు లోపల క్యాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పడుతుందో లేదో అట్ట ముక్క కత్తిరించి కొలిచి చూడండి. క్యాలిపర్ పిస్టన్లు పెద్దవైతే వాటిని నెట్టడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, పెడల్ లోతుగా వెళ్తుంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్ దానికి సరిపోతుందో కూడా చూడాలి. ముందు బ్రేకులు వదిలేసి వెనక బ్రేకుల్ని మాత్రం ఎప్పుడూ పెంచకండి.

ఇలాంటి మార్పులకి రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ నియమాలు వర్తించవచ్చు. అది పని మొదలుపెట్టకముందే కనుక్కోండి.

ఇక పని దగ్గరికొస్తే, జాకీ మీద మాత్రమే నిలబడ్డ బండి కిందికి దూరొద్దు. జాకీ ఎత్తడానికి, మోయడానికి స్టాండ్లు. గట్టి సమతలం నేల కావాలి, నేల మీద మిగిలిన చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టాలి. వెనక బ్రేకుల పని కోసం హ్యాండ్ బ్రేక్ వదిలేస్తారు కాబట్టి ఆ దిమ్మలే దిక్కు. స్టాండ్ల మీదికి దించాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదిలితే, అది మీరు కింద లేనప్పుడే కదలాలి. విప్పిన చక్రాన్ని కూడా బాడీ అంచు కిందికి తోసి ఉంచడం నాకు అలవాటు.

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది కాయిల్ స్ప్రింగు. స్ట్రట్‌లో (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే భాగం) నొక్కిపెట్టి ఉన్న స్ప్రింగులో కొన్ని వందల కిలోల బలం దాగి ఉంటుంది. పై నట్టు విప్పగానే అది ఎగిరితే చేతులు, మొహం పోతాయి. స్ప్రింగుని నొక్కిపట్టే పనిముట్లు, అంటే స్ప్రింగ్ కంప్రెసర్లు రెండూ ఎదురెదురుగా పెట్టి, ఒక్కోదాన్ని కొన్ని చుట్లే తిప్పుతూ రెంటినీ సమంగా బిగించండి. ఇంపాక్ట్ గన్ వాడొద్దు, చేతి పానాతోనే తిప్పండి. స్ప్రింగు తన సీటు మీద వదులై, వేలితో కదిపితే కదిలేదాకా పై నట్టు జోలికి పోవద్దు. స్ప్రింగు రెండు చివర్ల ముందు మొహం ఎప్పుడూ పెట్టొద్దు. కంప్రెసర్ మర అరిగి ఉన్నా, కొక్కెం జారుతున్నా ఆ పని అక్కడితో ఆపి, సరైన ప్రెస్ ఉన్న వాళ్ల దగ్గర చేయించుకోండి. ఈ ఒక్కచోట డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి.

చక్రాన్ని బాడీకి కలిపే కంట్రోల్ ఆర్మ్ బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే జరగాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దించాక ఆ కీలు దగ్గరుండే బుష్‌లోని రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది. ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదని మాన్యువల్ చెప్పే బోల్టులు, పిన్నులు కొత్తవే వేయండి.

బ్రేకుల్లో మొదటి విషయం దుమ్ము. పాత ప్యాడ్లలో, లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. గాలి పైపుతో ఊదొద్దు, మాస్కు పెట్టుకుని తడిపి తుడవండి. కొన్ని బ్రేక్ క్లీనర్లలో క్లోరిన్ రసాయనాలు ఉంటాయి. వాటి ఆవిరికి వెల్డింగో మంటో తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. కాబట్టి క్లీనర్ కొట్టిన భాగం పూర్తిగా ఆరకుండా వెల్డింగ్ వద్దు. విప్పిన క్యాలిపర్‌ని గొట్టం మీద వేలాడదీయకండి, తీగతో స్ప్రింగుకి కట్టండి. హబ్ (డిస్కు, చక్రం బిగించే భాగం) ముఖం మీద తుప్పు రాలిపోయేలా గీకాకే కొత్త డిస్కు పెట్టండి. ఇసుక రేణువంత తుప్పు పెచ్చు మిగిలినా డిస్కు వంకరగా కూర్చుని, పెడల్ వణుకుతుంది. హ్యాండ్ బ్రేక్ కలిసి ఉండే వెనక క్యాలిపర్లలో పిస్టన్‌ని చాలావాటికి తిప్పుతూ లోపలికి పంపాలి, నొక్కితే పాడవుతుంది. కరెంటు హ్యాండ్ బ్రేక్ అయితే ముందు సర్వీస్ మోడ్‌లో పెట్టాలి.

బ్రేక్ ఆయిల్ మూత మీద రాసి ఉన్న రకమే పోయండి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ నీటిని పీల్చుకునే రకాలు. డాట్ 5 సిలికాన్ రకం, వాటితో కలపకూడదు. 5.1 అన్న అంకె చూసి 5 అనుకునే వాళ్లున్నారు, డబ్బా మీద రెండోసారి చదవండి. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. నీరు పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. మరిగిన ఆయిల్లో ఆవిరి బుడగలు పుడితే పెడల్ నేలకి తగులుతుంది, బండి ఆగదు. ఎప్పుడో తెరిచి అటక మీద పెట్టిన డబ్బా వాడకండి. పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలిని తీసేటప్పుడు ఏ చక్రం తర్వాత ఏది అనే వరస బండి బండికీ మారుతుంది, మాన్యువల్ చూడండి. పాత బండిలో పెడల్‌ని ఒకేసారి అడుగు దాకా తొక్కకుండా కింద ఒక చెక్క ముక్క పెట్టుకోండి. మాస్టర్ సిలిండర్‌లో ఎన్నో ఏళ్లుగా పిస్టన్ వెళ్లని చోట గోడకి తుప్పు ఉండొచ్చు, సీలు దాని మీద రాసుకుని కోసుకుపోతుంది.

గొట్టాల పొడవు చాలామంది వదిలేసే విషయం. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు, స్టీరింగ్ ఆ చివరికీ ఈ చివరికీ తిప్పినప్పుడు బ్రేక్ గొట్టం, ఏబీఎస్ వైరు లాగినట్టు కాకూడదు, టైరుకి తగలకూడదు. ఎత్తు పెంచిన బండిలో ఇది తప్పనిసరిగా చూడాలి.

ప్యాడ్లు మార్చాక పిస్టన్లు లోపలికి నెట్టేసి ఉంటాయి. ఆ స్థితిలో మొదటిసారి తొక్కితే బ్రేకు అసలు పట్టదు. స్టార్ట్ చేసి గేరు వేసేముందు, పెడల్ గట్టిపడేదాకా నిలబడ్డచోటే తొక్కుతూ ఉండండి. తర్వాత ఆయిల్ మట్టం చూడండి. స్టీరింగ్ మీద ‘పెడల్ తొక్కు’ అని రాసిన కాగితం అంటించి పని మొదలుపెట్టడం మంచి అలవాటు. అలసిపోయిన సాయంత్రం ఈ ఒక్కటీ మర్చిపోవడం చాలా తేలిక.

కొత్త ప్యాడ్లని ట్రాఫిక్ లేని రోడ్డు మీద, తయారీదారు చెప్పిన పద్ధతిలో అలవాటు చేయాలి. సాధారణంగా మధ్యస్థ వేగం నుంచి పూర్తిగా ఆగకుండా కొన్నిసార్లు తగ్గించి, మధ్యలో చల్లారనిస్తారు. డిస్కు వేడిగా ఉండగా బండి ఆపి పెడల్ తొక్కి పట్టుకోవద్దు. ఎత్తు మారితే చక్రాల కోణాలూ మారతాయి కాబట్టి అలైన్‌మెంట్ చేయించండి, హెడ్‌లైట్ల ఎత్తు కూడా సరిచేయించండి.

ట్రయల్ రెండుసార్లు వేయండి. ముందు ఖాళీగా, తర్వాత మీరు మామూలుగా వేసుకునే లోడుతో, సామాను కదలకుండా కట్టి. ఖాళీ బండి బ్రేకు వేస్తే పక్కకి లాగకుండా తిన్నగా ఆగాలి. నిండు బండి గుంతల్లో బంప్ స్టాపుకి (సస్పెన్షన్ మరీ పైకి పోకుండా ఆపే రబ్బరు దిమ్మ) దబదబా తగలకూడదు. తగులుతుంటే స్ప్రింగు ఆ బరువుకి చాలదన్నట్టు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక బండి చల్లారనిచ్చి, వీల్ నట్లని టార్క్ రించ్‌తో (బిగింపు కొలిచే పానా) మళ్లీ చూడండి. మర్నాడు పొద్దున్న బండి తీయకముందు నాలుగు చక్రాల లోపలి వైపూ వేళ్లతో తడిమి, ఎక్కడైనా తడి తగిలితే ఆ రోజు బండిని కదపకండి.